లిబ్రే ఆఫీస్‌లో తెలుగు పని: కొత్త వెర్షన్లు, పాత చిక్కులు

పైసా ఖర్చు లేకుండా దొరికే లిబ్రే ఆఫీస్ అనే ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పని పూర్తిగా నడుస్తుందా? నడుస్తుంది. అర్జీలు, సంఘం లెక్కలు, పుస్తకం రాతప్రతి, స్కూలు ప్రశ్నపత్రం, అన్నీ నడుస్తాయి. కాకపోతే ఇన్‌స్టాల్ చేసిన వెంటనే టైపు మొదలుపెట్టేవాళ్లకు మొదటి పేజీలోనే చిరాకు పుడుతుంది. తెలుగు ఒక సైజులో, పక్కనున్న ఇంగ్లీషు మాట ఇంకో సైజులో కనిపిస్తాయి. కాగితం ఏ4 కాకుండా లెటర్ సైజులో ఉంటుంది, లెక్కల పట్టీల ప్రోగ్రాం కాల్క్‌లో డాలరు గుర్తు వస్తుంది, లక్ష దాటిన అంకె మిలియన్ల పద్ధతిలో విడిపోతుంది. ఇవేవీ లోపాలు కావు, సెట్ చేయకుండా వదిలేసిన ఆప్షన్లు. ఒక్క పావుగంట వాటికి కేటాయిస్తే ఏళ్ల తరబడి మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. ఆ పావుగంట పెట్టనివాళ్లే "తెలుగుకు పనికిరాదు" అని తీసేస్తుంటారు. ఆ మాట న్యాయం కాదు.

దీని వంశం పాతదే. జర్మనీకి చెందిన స్టార్ డివిజన్ తయారుచేసిన స్టార్ ఆఫీస్‌ను 1999లో సన్ కంపెనీ కొన్నది, 2000లో ఓపెన్ ఆఫీస్‌గా సోర్స్ బయటపెట్టింది. సన్‌ను ఒరాకిల్ కొన్నాక, 2010 సెప్టెంబరు 28న కొందరు డెవలపర్లు విడిపోయి ది డాక్యుమెంట్ ఫౌండేషన్ పేరుతో లిబ్రే ఆఫీస్ మొదలుపెట్టారు. మొదటి విడుదల 3.3, 2011 జనవరిలో. 2024 నుంచి వెర్షన్ నంబరే సంవత్సరం, నెల చెబుతుంది: 24.2 అంటే 2024 ఫిబ్రవరి వరస, 25.8 అంటే 2025 ఆగస్టు వరస. ఏడాదికి రెండు పెద్ద విడుదలలు, మధ్యలో తప్పులు దిద్దే చిన్న విడుదలలు. నలుగురు పనిచేసే ఆఫీసులో పెట్టేటప్పుడు మూడో అంకె కాస్త పెరిగేదాకా ఆగడం మంచిది. 25.8.0 కన్నా 25.8.4 నిలకడగా ఉంటుంది.

డౌన్‌లోడ్ సుమారు 350 ఎంబీ. విరాళం పేజీ కనిపిస్తే డబ్బు కడితేనే వస్తుందని కొందరు వెనక్కి పోతారు. అది ఇష్టమైతేనే, ఫైలు దిగడానికి దానితో సంబంధం లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు టిపికల్ కాకుండా కస్టమ్ ఎంచుకోండి. ఆప్షనల్ కాంపొనెంట్స్ కింద డిక్షనరీల జాబితాలో తెలుగు ఉంటుంది. విండోస్ ఇంగ్లీషులో ఉన్నవాళ్లకు అది తనంతట తాను ఎంపిక కాకపోవచ్చు, మనమే టిక్ పెట్టాలి. మెనూలను తెలుగులో పెట్టుకునే వీలు కూడా ఉంది. కానీ ఏదైనా చిక్కు వచ్చి వెతుక్కోవాలంటే ఇంగ్లీషు మెనూ పేర్లే దొరుకుతాయి, కాబట్టి మెనూలు ఇంగ్లీషులోనే ఉంచుకోవడం సుఖం.

మొదటి పావుగంట

టూల్స్ మెనూలో ఆప్షన్స్, అందులో లాంగ్వేజెస్ అండ్ లోకేల్స్. అక్కడ లోకేల్ (దేశం, భాష పద్ధతులు) సెట్టింగ్‌ను ఇంగ్లీష్ ఇండియా అని గానీ తెలుగు అని గానీ మార్చండి. రూపాయి గుర్తు, రోజు ముందు వచ్చే తేదీ పద్ధతి, కొత్త పత్రానికి ఏ4 కాగితం, అన్నీ ఈ ఒక్క మార్పుతో దారికి వస్తాయి. అదే పేజీలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అనే గడికి టిక్ పెట్టి, పక్కన భాష తెలుగు ఎంచుకోండి. అన్ని చిక్కులకూ మూలం ఈ గడే.

ఎందుకంటే పత్రాలు రాసే ప్రోగ్రాం రైటర్ ప్రతి అక్షరానికీ ఒక్క ఫాంటు పెట్టుకోదు, మూడు పెట్టుకుంటుంది: వెస్టర్న్‌కు ఒకటి, ఏషియన్‌కు ఒకటి, కాంప్లెక్స్‌కు ఒకటి. ఏషియన్ అంటే దాని దృష్టిలో చైనీస్, జపనీస్, కొరియన్ మాత్రమే. తెలుగు, హిందీ, అరబిక్, హీబ్రూ అన్నీ కాంప్లెక్స్ కిందికి వస్తాయి. స్టైల్‌లో (పేరుపెట్టి దాచుకున్న అలంకారాల కట్టలో) ఫాంటు సైజు 14 అని వెస్టర్న్ గడిలో పెట్టి ఊరుకుంటే ఇంగ్లీషు మాటలు పెరుగుతాయి, తెలుగు 12 దగ్గరే ఉండిపోతుంది. శీర్షికను స్టైల్‌లో బోల్డ్ చేసినా తెలుగు పలచగానే ఉందంటే కారణం ఇదే: కాంప్లెక్స్ గడిలో బోల్డ్ పెట్టలేదు.

మందు ఇది. ఆప్షన్స్‌లో రైటర్ కింద బేసిక్ ఫాంట్స్ అని రెండు పేజీలు ఉంటాయి, ఒకటి వెస్టర్న్, ఒకటి సీటీఎల్ (కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్). టిక్ పెట్టనంతవరకు ఈ రెండోది కనిపించదు. అందులో డిఫాల్ట్, హెడింగ్, లిస్ట్, కాప్షన్, ఇండెక్స్ అన్నిటికీ మీ తెలుగు ఫాంటు, సైజు ఇవ్వండి. ఇది కొత్త పత్రాలకు. ఇప్పటికే ఉన్న పత్రం అయితే ఎఫ్11 నొక్కి స్టైల్స్ తెరిచి, డిఫాల్ట్ పేరాగ్రాఫ్ స్టైల్ మీద కుడి క్లిక్ చేసి ఎడిట్‌లోకి వెళ్లి ఫాంట్ ట్యాబ్‌లో రెండు చోట్లా మార్చండి. అయినా కొన్ని పేరాలు మాట వినకపోతే, వాటిమీద ఎవరో చేత్తో సైజు మార్చారన్నమాట. ఆ భాగం ఎంచుకుని కంట్రోల్+ఎం కొడితే చేత్తో పెట్టిన అలంకారాలన్నీ పోయి స్టైల్ ఏం చెబితే అది వస్తుంది. పోయేవాటిలో మీకు కావలసిన బోల్డ్ కూడా ఉండొచ్చు, చూసుకుని కొట్టండి.

ఫాంటు విషయంలో కాసేపు ఆగాలి. విండోస్ 8 నుంచి తెలుగుకు నిర్మలా యూఐ వస్తోంది. తెర మీద చదవడానికి బాగుంటుంది, బోల్డ్ కూడా నిజమైన బోల్డే. అంతకుముందటి గౌతమి, వాణి ఫాంట్లు విండోస్ 10లో ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్లిపోయాయి. పాత ఫైలు గౌతమిలో ఉంటే అక్కడ తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ జతచేసుకోవాలి. అచ్చుకు వెళ్లే పాఠానికి మండలి, సురన్న లాంటివి చూడముచ్చటగా ఉంటాయి. కానీ మండలికి ఒక్క బరువే (గీత మందం) ఉంది. బోల్డ్ నొక్కితే రైటర్ గీతను తానే లావు చేసి చూపిస్తుంది, 11 పాయింట్లలో ప్రింటు తీస్తే వత్తుల మధ్య ఖాళీలు పూడిపోతాయి. పాఠంలో నొక్కిచెప్పాల్సిన మాటలు ఎక్కువుంటే చాలా బరువులున్న నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు మేలు. ఇటాలిక్ జోలికి మాత్రం పోవద్దు. పేరున్న తెలుగు ఫాంట్లలోనూ వేరుగా గీసిన ఇటాలిక్ దాదాపు ఉండదు. ఒరిగిపోయిన తలకట్టు కంటికి ఇంపుగా ఉండదు.

వరుసల మధ్య దూరం ఇంకో మెలిక. గౌతమిలో వరుస ఎత్తు బాగా ఎక్కువ, దాంతో పేజీకి పట్టే వరుసలు తగ్గిపోతాయి. దాన్ని తగ్గించాలని పేరాగ్రాఫ్ సెట్టింగులో ప్రొపోర్షనల్ 80 శాతం పెడితే పేరా మొదటి వరుసలో గుడి, తలకట్టు కోతపడే ప్రమాదం ఉంది. ఫిక్స్‌డ్ పెట్టడం నయం. 12 పాయింట్ల అక్షరానికి 19 లేదా 20 పాయింట్లతో మొదలుపెట్టి చూడండి. గడిలో సెంటీమీటర్లు కనిపించినా 20 పక్కన ఇంగ్లీషులో పీటీ అని రెండక్షరాలు కొడితే అదే లెక్క మార్చుకుంటుంది. సరిపోయిందో లేదో తేల్చడానికి రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి, దీర్ఘం అనే మాటలు ఒకదాని కింద ఒకటి వచ్చేలా రెండు వరుసలు టైపు చేయండి. పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడిని తాకకపోతే మీ సంఖ్య కుదిరినట్టే.

టైపు చేసేటప్పుడు

2017లో వచ్చిన 5.3 నుంచి విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ అక్షరాలను కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజను చేస్తోంది. అంతకుముందు ఒక్కో సిస్టంలో ఒక్కోలా విరిగే సంయుక్తాక్షరాలు అప్పటి నుంచి ఒకేలా కనిపిస్తున్నాయి. తెలుగువాళ్లకు సంబంధించినంత వరకు లిబ్రే ఆఫీస్ చరిత్రలో పెద్ద మేలు ఇదే, ఆ తర్వాత వచ్చిన రంగు రంగుల మెనూలు కావు.

బ్యాక్‌స్పేస్, డిలీట్ ఒకేలా పనిచేయవని తెలిస్తే టైపు వేగం పెరుగుతుంది. స్త్రీ అనే అక్షరం లోపల ఆరు ముక్కలుంటాయి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. దాని వెనక కర్సరు పెట్టి బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే దీర్ఘం మాత్రమే పోయి స్త్ర మిగులుతుంది. ముందు కర్సరు పెట్టి డిలీట్ నొక్కితే అక్షరం మొత్తం పోతుంది. గుణింతం ఒక్కటే తప్పితే బ్యాక్‌స్పేస్ వాడాలి, అక్షరమే తప్పితే డిలీట్ వాడాలి.

అతుక్కోకూడని చోట అక్షరాలు అతుక్కోవడం మరో సమస్య. ఫేస్‌బుక్ అని రాయబోతే ఫేస్బుక్ అని సకు బ వత్తు పడుతుంది. మధ్యలో వెడల్పు లేని విడదీత గుర్తు కావాలి. దానికి సులువైన దారి: పొల్లు తర్వాత కీబోర్డును ఇంగ్లీషుకు మార్చి 2, 0, 0, సి అనే నాలుగూ కొట్టి ఆల్ట్+ఎక్స్ నొక్కాలి. ఆ నాలుగూ మాయమై కంటికి కనిపించని గుర్తు పడుతుంది, తర్వాతి అక్షరం విడిగా నిలబడుతుంది. సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్ లాంటి మాటలు ఒకే పత్రంలో వందసార్లు వస్తే ప్రతిసారీ ఇదంతా చేయలేం. ఆటోకరెక్ట్ ఆప్షన్లలో రీప్లేస్ ట్యాబ్ తెరిచి, అతుక్కున్న రూపం ఎడమ గడిలో, విడదీసిన రూపం కుడి గడిలో ఇచ్చి, పైన భాష తెలుగు ఎంచుకుంటే ఆ బాధ తీరుతుంది.

తరచూ రాసే అర్జీల తలకట్టు వాక్యాలకు ఆటోటెక్స్ట్ వాడండి. "మండల తహశీల్దార్ గారి సముఖమునకు" దగ్గర నుంచి "విషయం" దాకా ఒకసారి టైపు చేసి, ఎంచుకుని, కంట్రోల్+ఎఫ్3 కొట్టి రెండక్షరాల పొట్టిపేరుతో దాచుకోండి. తర్వాత ఎక్కడైనా ఆ పొట్టిపేరు కొట్టి ఎఫ్3 నొక్కితే మొత్తం వచ్చిపడుతుంది.

స్పెల్లింగ్ తనిఖీ మీద ఆశ పెట్టుకోవద్దు. డిక్షనరీ ఉంది, కానీ తెలుగు మాట విభక్తులతో, సంధులతో ఎంత పొడవైనా పెరుగుతుంది. వెళ్లాల్సివచ్చినప్పటికీ లాంటి మాటను ఏ జాబితా ముందుగా పట్టుకోలేదు. సగం పేజీ ఎర్ర గీతలతో నిండిపోతుంది. షిఫ్ట్+ఎఫ్7తో ఆ గీతలు ఆపేసి రాసుకుని, చివర్లో పేర్లు, ఊర్ల వరకు ఎఫ్7తో ఒకసారి చూసుకోవడమే ఉపాయం. తెలుగులో ఈ సాఫ్ట్‌వేర్‌కు ఉన్న నిజమైన వెలితి ఇదే.

డీటీపీ సెంటరు నుంచి వచ్చిన ఫైళ్ల సంగతి విడిగా చెప్పాలి. అను, శ్రీలిపి లాంటి పాత పద్ధతుల్లో టైపు చేసిన ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. తప్పు లిబ్రే ఆఫీస్‌ది కాదు. ఆ ఫైల్లో ఉన్నది తెలుగు యూనికోడ్ (అన్ని యంత్రాలూ గుర్తుపట్టే అక్షర సంకేతాలు) కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టిన ఫాంటు. ఆ ఫాంటు ఎక్కిస్తే చూడటానికి, ప్రింటుకు సరిపోతుంది. వెతకడానికి, వరస పెట్టడానికి, వెబ్‌లో పెట్టడానికి మాత్రం యూనికోడ్‌లోకి మార్చాల్సిందే. మార్చిన తర్వాత అచ్చుతప్పులు కచ్చితంగా దిద్దుకోవాలి, ముఖ్యంగా వత్తులు, అరసున్నలు, కొటేషన్ గుర్తులు.

లెక్కల పట్టీ: కాల్క్

కొత్త వెర్షన్లలో ఎక్కువ బాగుపడింది కాల్క్. 24.8లో ఎక్స్‌లుకప్, ఫిల్టర్, సార్ట్, యూనిక్, లెట్ ఫంక్షన్లు వచ్చాయి. 25.8లో టెక్స్ట్‌బిఫోర్, టెక్స్ట్‌ఆఫ్టర్, టెక్స్ట్‌స్ప్లిట్, వీస్టాక్, హెచ్‌స్టాక్ చేరాయి. పట్టికలో వెతికి విలువ తెచ్చే, అలవాటైన వీలుకప్‌తో వెతికే కాలమ్ ఎప్పుడూ ఎడమ చివరే ఉండాలి, చివర్లో సున్నా పెట్టడం మరిస్తే దగ్గరగా ఉన్నదేదో తెచ్చి తప్పు జవాబు చూపిస్తుంది. ఎక్స్‌లుకప్‌లో ఆ రెండు బాధలూ లేవు. వెతికే కాలమ్, తెచ్చే కాలమ్ విడివిడిగా ఇస్తాం, మామూలుగానే కచ్చితమైన సరిపోలిక చూస్తుంది, దొరకకపోతే ఏం రాయాలో నాలుగో స్థానంలో చెప్పొచ్చు. అక్కడ "ఫీజు కట్టలేదు" అని తెలుగులోనే రాసుకోవచ్చు. ఒక జాగ్రత్త: ఈ ఫైలును ఎక్సెల్ 2019 లేదా అంతకన్నా పాతది ఉన్న ఆఫీసుకు పంపి, అక్కడ మళ్లీ లెక్క కట్టిస్తే ఆ గడులు పనిచేయవు, ఎందుకంటే అక్కడ ఆ ఫంక్షనే లేదు. అలాంటిచోటికి పంపేముందు గడులను కాపీ చేసి పేస్ట్ స్పెషల్‌లో విలువలుగా మార్చి పంపండి.

ఫిల్టర్, యూనిక్‌ల జవాబు చాలా గడుల్లో పరుచుకుంటుంది. కంట్రోల్+షిఫ్ట్+ఎంటర్ నొక్కి ముగిస్తే అరే ఫార్ములాగా ఖాయంగా పడుతుంది. ఎక్సెల్‌లోలాగా కింద కొత్త పేర్లు చేరినకొద్దీ జవాబు తానంతట తాను పెరుగుతుందని అనుకోవద్దు. అది మొదట ఎన్ని గడులు తీసుకుందో అంతవరకే. సభ్యుల జాబితా నెలనెలా పెరిగే సంఘాలు ముందుగానే ఎక్కువ గడులు ఎంచుకుని ఫార్ములా ఇవ్వాలి, మిగిలిన గడుల్లో లోపం గుర్తు కనిపిస్తుంది.

ఇంటిపేరు, పేరు విడదీయడానికి టెక్స్ట్‌బిఫోర్ చక్కగా సరిపోతుంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది కాబట్టి మొదటి ఖాళీకి ముందున్నది ఇంటిపేరు, టెక్స్ట్‌ఆఫ్టర్ ఇచ్చేది పేరు. ఖాళీ లేని పేరు తగిలితే లోపం చూపిస్తుంది. అందుకే ఆరో స్థానంలో, దొరక్కపోతే ఏం ఇవ్వాలో రాసి ఉంచండి.

25.2లో డేటా మెనూలోకి డూప్లికేట్లను పట్టే విండో వచ్చింది. ఏ కాలమ్‌లు పోల్చాలో టిక్ పెట్టి, రెండోసారి వచ్చిన వరుసలను తీసేయమనో ఎంచి చూపమనో చెప్పొచ్చు. ముందు ఎంచి చూపమనండి, చూశాకే తీసేయండి. తెలుగు పేర్లకు ఇది పూర్తిగా సరిపోదు. లక్ష్మి, లక్ష్మీ రెండూ దానికి వేరు. రావు వెనక కంటికి కనిపించని ఖాళీ ఉంటే అదీ వేరే. విడదీత గుర్తు ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేకపోయినా వేరే. పోల్చేముందు పక్క కాలమ్‌లో ట్రిమ్‌తో ఖాళీలు తీసి, సబ్‌స్టిట్యూట్‌లో యూనిచార్ 8204 ఇచ్చి విడదీత గుర్తులు తుడిచేసి, ఆ శుభ్రమైన కాలమ్‌ను పోల్చాలి.

సర్వే నంబర్ల దగ్గర చాలామంది దెబ్బతింటారు. 12/3 అని కొట్టగానే అది మార్చి 12గానో, లోకేల్ అమెరికాదైతే డిసెంబరు 3గానో మారిపోతుంది. తర్వాత గడి ఫార్మాట్‌ను టెక్స్ట్‌గా మార్చినా 12/3 తిరిగి రాదు, ఐదంకెల సంఖ్య కనిపిస్తుంది. ఎందుకంటే లోపల దాచుకున్నది తేదీ లెక్కే. టైపు చేయకముందే కాలమ్ మొత్తం ఎంచుకుని టెక్స్ట్ ఫార్మాట్ ఇవ్వాలి. ఆ షీటు నిండా సర్వే నంబర్లే అయితే లాంగ్వేజెస్ అండ్ లోకేల్స్‌లో డేట్ యాక్సెప్టెన్స్ ప్యాటర్న్స్ గడి చూడండి. అందులో రోజు, నెల మాత్రమే ఉన్న ప్యాటర్న్‌ను తీసేస్తే 12/3 అలాగే నిలుస్తుంది. పూర్తి తేదీలు మామూలుగానే గుర్తుపడుతుంది. డోర్ నంబర్లు, సున్నాతో మొదలయ్యే బ్యాంకు ఖాతా నంబర్లు, 15 అంకెలు దాటిన ఏ నంబరైనా ముందే టెక్స్ట్ ఫార్మాట్‌లో ఉండాలి. 16వ అంకె నుంచి సున్నాలుగా మారిపోతే తిరిగి తెచ్చే దారి లేదు.

వేరేచోట నుంచి వచ్చిన సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలు తెరిచినప్పుడు కాల్క్ ముందుగా ఒక విండో చూపిస్తుంది. చాలామంది చూడకుండా ఓకే కొడతారు. క్యారెక్టర్ సెట్ యూనికోడ్ యూటీఎఫ్-8 అని ఉంటేనే తెలుగు తెలుగులా వస్తుంది. డిటెక్ట్ స్పెషల్ నంబర్స్‌కు టిక్ లేకుండా ఉంచితే తేదీల గొడవ ఉండదు. కింద కనిపించే పట్టికలో ఫోన్, ఖాతా కాలమ్‌ల తల మీద క్లిక్ చేసి పైనున్న టైపును టెక్స్ట్ చేయండి. ఇదే విషయంలో ఎక్సెల్ కన్నా కాల్క్ నయం. ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే ఎక్సెల్ ఇవేవీ అడగకుండా తెరిచేస్తుంది.

లక్షలు, కోట్ల కామాలకు గడి ఫార్మాట్‌లో #,##,##0.00 అని కోడ్ రాయండి. పన్నెండు లక్షల ముప్పై నాలుగు వేలు 12,34,000.00గా కనిపిస్తుంది. తెలుగు పేర్లను అక్షరక్రమంలో పెట్టేటప్పుడు సార్ట్ విండోలో ఆప్షన్స్ ట్యాబ్‌లోకి వెళ్లి భాష తెలుగు ఎంచుకోవడం మరవొద్దు.

కరెంటు పోతే

24.2లో వచ్చిన ఒక మార్పు మన ఊళ్లకు వెయ్యి ఫంక్షన్ల పెట్టు. ఆటోరికవరీ, ప్రతి సేవ్‌కూ ముందటి ప్రతిని దాచిపెట్టడం, రెండూ అప్పటి నుంచి అడగకుండానే ఆన్‌లో ఉంటున్నాయి. రెండూ ఒకటి కావు. ఆటోరికవరీ కరెంటు పోయి కంప్యూటరు ఆగిపోయినప్పుడు పనికొస్తుంది. మళ్లీ తెరవగానే కాపాడిన ఫైళ్ల జాబితా చూపిస్తుంది. బ్యాకప్ ప్రతి మాత్రం మనం పొరపాటున సగం పత్రం తుడిచి సేవ్ కొట్టినప్పుడు ఆదుకుంటుంది. ఆప్షన్స్‌లో లోడ్/సేవ్ కింద జనరల్‌లో ఆటోరికవరీ వ్యవధిని 5 నిమిషాలు చేయండి. బ్యాకప్‌లు ఎక్కడ పడుతున్నాయో లిబ్రే ఆఫీస్ కింద పాత్స్‌లో కనిపిస్తుంది. ఆ ఫోల్డర్‌లోని బ్యాక్ అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైలును వేరేచోటికి కాపీ చేసి, దాని అసలు ఎక్స్‌టెన్షన్‌తో పేరు మార్చి తెరవాలి. పాత వెర్షన్ నుంచి అప్‌గ్రేడ్ అయినవాళ్లు ఆ రెండు టిక్‌లూ ఉన్నాయో లేదో ఒకసారి కళ్లారా చూసుకోండి.

కరెంటు పోయి వచ్చాక ఫైలు తెరవబోతే ఇంకెవరో వాడుతున్నారని చెప్పవచ్చు. ఎవరూ వాడటం లేదు. అదే ఫోల్డర్‌లో ఫైలు పేరుకు ముందు చుక్క, టిల్డా, లాక్ అనే మాట ఉన్న చిన్న దాపుడు ఫైలు మిగిలిపోయింది. హిడెన్ ఫైళ్లు కనిపించేలా పెట్టుకుని దాన్ని తీసేస్తే చాలు. అసలు ప్రోగ్రామే మాటిమాటికీ మూసుకుపోతుంటే హెల్ప్ మెనూలో రీస్టార్ట్ ఇన్ సేఫ్ మోడ్ ఉంది. అక్కడ యూజర్ ప్రొఫైల్ రీసెట్ చేస్తే ఎక్కువసార్లు బాగవుతుంది, కానీ పైన చెప్పిన సెట్టింగులన్నీ మళ్లీ పెట్టుకోవాలి. తెర మిణుకుమంటూ అక్షరాలు చెదిరితే పాత గ్రాఫిక్స్ కార్డు కారణం కావచ్చు. ఆప్షన్స్‌లో వ్యూ పేజీలో స్కియా సాఫ్ట్‌వేర్ రెండరింగ్‌కు టిక్ పెట్టి చూడండి.

ఇతరులకు పంపేటప్పుడు

డాక్స్‌గా సేవ్ చేసి వర్డ్ వాడేవాళ్లకు పంపొచ్చు, కానీ పేజీలు కదులుతాయి. ఇంగ్లీషు పత్రాల్లో ఈ సమస్యను ముందే ఆలోచించారు. ఏరియల్‌కు లిబరేషన్ సాన్స్, కాలిబ్రికి కార్లిటో, కేంబ్రియాకు కలాడియా అని అదే వెడల్పున్న ఫాంట్లు ఉన్నాయి. తెలుగులో అలాంటి జోడీలు లేవు. మీరు మండలిలో 40 పేజీలు చేసిన పుస్తకం, ఆ ఫాంటు లేని యంత్రంలో నిర్మలాలో తెరుచుకుని ఇంకెన్ని పేజీలవుతుందో చెప్పలేం. ఫైల్ మెనూలో ప్రాపర్టీస్‌కు వెళ్లి ఫాంట్ ట్యాబ్‌లో ఎంబెడ్ ఫాంట్స్, దాని కింద వాడిన ఫాంట్లు మాత్రమే అనే గడి, స్క్రిప్టుల్లో కాంప్లెక్స్, వీటికి టిక్ పెడితే ఫాంటు ఫైలుతోపాటే ప్రయాణిస్తుంది.

అచ్చుకైతే పీడీఎఫ్ తప్ప మరో ఆలోచన వద్దు. టూల్‌బార్ బొమ్మ కాకుండా ఫైల్ మెనూలోని ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్ విండో తెరవండి. హైబ్రిడ్ పీడీఎఫ్ అనే గడికి టిక్ పెడితే అసలు పత్రం కూడా పీడీఎఫ్ లోపలే ఉంటుంది, అదే ఫైలును రైటర్‌లో తెరిచి దిద్దుకోవచ్చు. ఈ సౌకర్యం గురించి తెలిసినవాళ్లు తక్కువ. తెలుగు పీడీఎఫ్‌ను ఇందులోనే బొమ్మలు గీసే ప్రోగ్రాం డ్రాలో తెరిచి దిద్దబోతే చాలాసార్లు వత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట అయిపోతాయి కాబట్టి తెలుగువాళ్లకు హైబ్రిడ్ విలువ ఇంకా ఎక్కువ. ఆన్‌లైన్ దరఖాస్తుల సైజు పరిమితికి లోబడాలంటే అదే విండోలో బొమ్మల నాణ్యత 80 శాతానికి, రిజల్యూషన్ 150 డీపీఐకి తగ్గించండి. అక్షరాలకు ఏమీ కాదు, ఫొటోలే పలచబడతాయి.

సభ్యులందరికీ పేరుపేరునా నోటీసు పంపాలంటే మెయిల్ మెర్జ్ ఉంది. పేర్ల షీటును డేటా సోర్సుగా నమోదుచేశాక, రైటర్‌లో కంట్రోల్+షిఫ్ట్+ఎఫ్4 కొడితే ఆ షీటు పైన తెరుచుకుంటుంది. కాలమ్ తలను పట్టుకుని నోటీసులో కావలసినచోట వదిలితే ఫీల్డు పడుతుంది. ప్రింటు కొట్టినప్పుడు ఫారం లెటరా అని అడిగితే అవునని, అవుట్‌పుట్ ఫైల్ ఎంచుకుని ఒకే పత్రంగా దాచి, చూసుకున్నాకే కాగితం మీదికి పంపండి. తేదీ కాలమ్ ఐదంకెల సంఖ్యగా పడితే ఆ ఫీల్డు మీద రెండుసార్లు క్లిక్ చేసి ఫార్మాట్ మార్చాలి. షీటు చివర్లో ఖాళీ వరుసలుంటే ఖాళీ నోటీసులు వస్తాయి, ముందే తీసేయాలి.

ఒకే రైటర్ ఫైల్లో నలుగురు ఒకేసారి కూర్చుని రాయడం దీనివల్ల కాదు. అది కావలసినవాళ్లు ఆన్‌లైన్ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ల వైపు చూడాల్సిందే. పాత కంప్యూటర్ల విషయం: 25.8 నుంచి విండోస్ 7, 8, 8.1 మీద నడవదు, ఆ యంత్రాలకు 25.2 చివరిది. విండోస్ 10, 11 ఉన్నవాళ్లు 25.8కి మారితే పెద్ద ఫైళ్లు తెరుచుకోవడంలో తేడా కనిపిస్తుంది. రైటర్, కాల్క్ ఫైళ్లు తమ పరీక్షల్లో 30 శాతం వరకు త్వరగా తెరుచుకున్నాయని ఫౌండేషన్ ప్రకటించింది. మారేముందు పాత వెర్షన్‌లోని ఆటోటెక్స్ట్‌ల జాబితా ఒకసారి కాపీ తీసి పెట్టుకోండి. అవి యూజర్ ప్రొఫైల్‌లో ఉంటాయి, ప్రొఫైల్ రీసెట్ చేయాల్సివస్తే వాటితోపాటే పోతాయి.